టెస్లా కాయిల్‌లో ఏ పార్టుకి ఎన్ని వోల్టులు?

సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్ (ట్రాన్సిస్టర్ స్విచ్‌లతో ప్రైమరీ చుట్టని నడిపి గాల్లోకి స్పార్క్‌లు పుట్టించే యంత్రం, పొట్టిగా ఎస్‌ఎస్‌టీసీ) కట్టాలనుకున్నవాళ్లు పార్టుల లిస్టు రాసుకుంటూ తరచూ ఒకే తప్పు చేస్తారు. ప్రతి పార్టు పక్కనా ఒకటే నంబర్ వేస్తారు. ‘మెయిన్స్ 230 వోల్టులే కదా, అన్నీ 600 వోల్టులవి తెస్తే చాలు’ అని కొందరు. ఇంకాస్త భయస్తులు అన్నీ 1200 తెచ్చేస్తారు. మొదటివాళ్లకి ట్యాంక్ కెపాసిటర్ (ప్రైమరీ చుట్టతో కలిసి రెజొనెన్స్‌లో ఊగేది) పేలుతుంది, రెండోవాళ్లకి మాస్‌ఫెట్ (కరెంట్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్ స్విచ్) ఉడికిపోతుంది. రేటింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాట రెక్టిఫయర్‌కి నిజం, మాస్‌ఫెట్‌కి అబద్ధం. ట్యాంక్ కెపాసిటర్ విషయంలో అయితే మెయిన్స్ వోల్టేజ్‌కి, దాని రేటింగ్‌కి దాదాపు సంబంధమే ఉండదు. అందుకే ఒక్కో పార్టు ముందు నిలబడి, దీని రెండు కాళ్ల మధ్య అత్యంత చెడ్డ క్షణంలో ఎన్ని వోల్టులు వస్తాయి, రేటింగ్ పెంచితే నాకు పడే దండుగ ఏమిటి అని అడగాలి.

ముందు బస్ వోల్టేజ్ తేల్చుకోండి

బస్ అంటే స్విచ్‌లకి అందే డీసీ లైన్. 230 వోల్టుల ఏసీని బ్రిడ్జ్ రెక్టిఫయర్‌తో డీసీ చేస్తే పీక్ 325 వోల్టులు. లైన్ 10 శాతం పెరిగి 253 అయితే అదే 358. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు కానీ, టెస్టింగ్‌కి వాడే వేరియాక్‌ని (తిప్పి వోల్టేజ్ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్‌ని) మర్చిపోతారు. చాలా వేరియాక్‌లు చివరిదాకా తిప్పితే ఇన్‌పుట్ కంటే ఎక్కువే ఇస్తాయి. 270 వోల్టులు ఇచ్చిందనుకోండి, బస్ 382కి చేరుతుంది. 120 వోల్టుల లైన్ అయితే నేరుగా 170, డబ్లర్ (వోల్టేజ్‌ని రెట్టింపు చేసే రెక్టిఫయర్) పెడితే 340. 230కే డబ్లర్ పెట్టే సాహసులకు 650. ఇకనుంచి నేను 230 వోల్టుల లైన్, బ్రిడ్జ్ రెక్టిఫయర్ అనుకునే మాట్లాడతాను. చెడ్డ రోజున బస్ 358 అని గుర్తుపెట్టుకోండి.

స్విచ్‌లు: 500, 600, 1200

ఒక అపోహ ముందే తీసేద్దాం. ఫుల్ బ్రిడ్జ్‌లో (నాలుగు స్విచ్‌లు) ప్రైమరీకి హాఫ్ బ్రిడ్జ్ (రెండు స్విచ్‌లు) కంటే రెట్టింపు వోల్టేజ్ అందుతుంది కాబట్టి స్విచ్‌లు కూడా రెట్టింపు రేటింగ్‌వి కావాలనుకుంటారు. అక్కర్లేదు. హాఫ్ బ్రిడ్జ్ అయినా ఫుల్ బ్రిడ్జ్ అయినా ఆఫ్‌లో ఉన్న స్విచ్ మోసేది బస్ వోల్టేజే, దాని మీద స్పైక్ (ఆఫ్ చేసినప్పుడు క్షణంపాటు ఎగిరే వోల్టేజ్). అంతే.

ఒంటి స్విచ్‌తో నడిచే క్లాస్ ఈ కాయిల్ సంగతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ ఆదర్శ లెక్కలోనే డ్రెయిన్ (మాస్‌ఫెట్‌లోకి కరెంట్ వచ్చే కాలు, బయటికి వెళ్లేది సోర్స్) వోల్టేజ్ సప్లైకి 3.56 రెట్లు ఎగురుతుంది. 325 వోల్టుల మీద అది 1150 దాటుతుంది, ట్యూనింగ్ కాస్త తప్పితే ఇంకా పైకి. మెయిన్స్ నుంచి నేరుగా క్లాస్ ఈ వద్దు అనేది నా సలహా. తక్కువ వోల్టేజ్ సప్లైతో ఆడుకోండి.

బ్రిడ్జ్‌కి తిరిగి వద్దాం. అసలు ప్రశ్న స్పైక్ ఎంత అన్నది. బస్ కెపాసిటర్ నుంచి మాస్‌ఫెట్‌లకి వెళ్లే దారిలో ఎంత పొట్టి తీగ ఉన్నా కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. అది 100 నానోహెన్రీలు అనుకుందాం. 20 ఆంపియర్లను 20 నానోసెకన్లలో ఆపేస్తే నానోసెకనుకి 1 ఆంపియర్ మారినట్టు, అంటే 100 వోల్టుల స్పైక్. 358 మీద 100 కలిపితే 458. ఐఆర్‌ఎఫ్‌పీ460 లాంటి 500 వోల్టుల మాస్‌ఫెట్ బతుకుతుంది, కానీ ఒడ్డున నిలబడి. లేఅవుట్ ఇంకాస్త పొడుగైతే పోతుంది.

అలాంటప్పుడు 1000 లేదా 1200 వోల్టుల మాస్‌ఫెట్ వేసేస్తే టెన్షన్ ఉండదు కదా అనిపిస్తుంది. ఇక్కడే దండుగ. మామూలు సిలికాన్ మాస్‌ఫెట్‌లో అదే సైజు చిప్‌కి ఆన్ రెసిస్టెన్స్ సుమారుగా వోల్టేజ్ రేటింగ్ 2.5వ ఘాతంతో పెరుగుతుంది. 500ని 1000 చేస్తే రెసిస్టెన్స్ దాదాపు 5.7 రెట్లు. కరెంట్ అదే కాబట్టి వేడి కూడా అన్ని రెట్లే. 325 వోల్టుల బస్‌కి 1200 వోల్టుల మామూలు మాస్‌ఫెట్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా ఆ అస్త్రం మన హీట్‌సింక్‌నే కాలుస్తుంది.

మధ్యలో 600, 650 వోల్టులు ఉన్నాయి. సూపర్‌జంక్షన్ రకం (ఆన్ రెసిస్టెన్స్ తక్కువుండే మాస్‌ఫెట్ నిర్మాణం) వచ్చాక ఈ తరగతి చాలా మెరుగైంది. ఐఆర్‌ఎఫ్‌పీ460 ఆన్ రెసిస్టెన్స్ 0.27 ఓమ్ అయితే 600 వోల్టుల ఎఫ్‌సీఏ47ఎన్60ది గరిష్ఠంగా 0.07. అంటే ఎక్కువ వోల్టేజ్, తక్కువ వేడి రెండూ దొరికాయి. మరి అందరూ దాన్నే ఎందుకు వేయరు? దాని గేట్‌ని (స్విచ్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలుని) నడపడానికి డ్రైవర్ ఎక్కువ కష్టపడాలి. లోపలి బాడీ డయోడ్ ఆగేటప్పుడు మొరటుగా ఆగి కొత్త స్పైక్‌లు పుట్టిస్తుంది. చిన్న కాయిల్, 300 కిలోహెర్ట్జ్, జాగ్రత్తగా వేసిన పొట్టి లేఅవుట్ అయితే పాత 500 వోల్టుల పార్టు ఇప్పటికీ హాయిగా నడుస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం నేను 600 లేదా 650 అనే చెబుతాను. ఆ అదనపు 100 వోల్టులు మన లేఅవుట్ తప్పులకి కట్టుకున్న బీమా.

ఇంకో కారణం కూడా ఉంది. స్పైక్‌లు నరకడానికి స్విచ్‌ల మీద టీవీఎస్ డయోడ్‌లు వేస్తాం కదా. 1.5కేఈ400ఏ అనగానే 400 దగ్గర కత్తిరించేస్తుందని అనుకుంటారు. డేటాషీట్ తెరిస్తే 380 నుంచి 420 మధ్య అది పారడం మొదలుపెడుతుంది, పూర్తి పల్స్ కరెంట్ దగ్గర దాని క్లాంప్ వోల్టేజ్ 548. కింద ఉన్నది 500 వోల్టుల మాస్‌ఫెట్ అయితే కాపలావాడు నిద్రలేచేలోపే దొంగ వెళ్లిపోయాడన్నమాట. 600 వోల్టుల దాని మీద ఆ టీవీఎస్‌కి అర్థం ఉంది. అప్పుడు కూడా అది ఎప్పుడో వచ్చే స్పైక్ కోసమే. సెకనుకి మూడు లక్షల సార్లు ప్రతి సైకిల్‌లోనూ క్లాంప్ చేయమంటే అదే కాలిపోతుంది.

పెద్ద కాయిల్స్‌లో, అంటే ప్రైమరీ కూడా రెజొనెన్స్‌లో నడిచే డీఆర్‌ఎస్‌ఎస్‌టీసీల్లో, 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ దగ్గర ఐజీబీటీలదే (పెద్ద కరెంట్లకి వాడే మరో రకం ట్రాన్సిస్టర్ స్విచ్‌లదే) రాజ్యం. 325 వోల్టుల బస్‌కి 600 లేదా 650, డబ్లర్‌తో వచ్చే 650 బస్‌కి 1200. ఐజీబీటీలో రేటింగ్ పెంచితే ఆన్ వోల్టేజ్ మరీ అంత పెరగదు గానీ, 1200 వాటికి ఆఫ్ అయ్యేటప్పుడు తోక కరెంట్ ఎక్కువసేపు లాగుతుంది, కాబట్టి ఫ్రీక్వెన్సీ తగ్గించుకోవాలి. 325 వోల్టులకే 1200 ఐజీబీటీ ఇటుక (ఇటుకలాంటి పెద్ద మాడ్యూల్) చేతిలో ఉంటే వేయొచ్చు, తప్పేం లేదు. కొనడానికి మాత్రం 600 కొనండి.

డయోడ్‌లలో ఒక తమాషా

ఐఆర్‌ఎఫ్‌పీ460 బాడీ డయోడ్ ఆగడానికి సుమారు 570 నానోసెకన్లు పడుతుంది. 300 కిలోహెర్ట్జ్‌లో అర సైకిలే 1.67 మైక్రోసెకన్లు. మూడో వంతు దీనికే పోతుంది. అందుకని డ్రెయిన్‌తో సిరీస్‌లో ఒక షాట్కీ డయోడ్ (ఫార్వర్డ్ డ్రాప్ తక్కువుండే రకం) పెట్టి బాడీ డయోడ్‌ని మూసేసి, రెండింటికీ కలిపి బయట ఒక అల్ట్రాఫాస్ట్ డయోడ్ పెడతారు. బయటి డయోడ్ పూర్తి బస్‌ని, స్పైక్‌ని మోస్తుంది కాబట్టి ఎంయూఆర్860, ఎంయూఆర్1560 లాంటి 600 వోల్టులవి కావాలి. లోపలి షాట్కీకి? బయటి డయోడ్ పారేటప్పుడు దాని మీద పడే ఒకటి రెండు వోల్టులే షాట్కీ ఆపాల్సింది. 45 వోల్టుల షాట్కీ ధారాళంగా సరిపోతుంది. తెలియనివాళ్లు భయపడి ఇక్కడ ఎక్కువ వోల్టుల షాట్కీ వెతుకుతారు. దాని ఫార్వర్డ్ డ్రాప్ ఎక్కువ, ఆన్‌లో ఉన్న ప్రతి క్షణం వేడి.

మెయిన్స్ రెక్టిఫయర్ గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు. కేబీపీసీ3510 లాంటి 1000 వోల్టులది వేసి ముందుకెళ్లండి. బ్రిడ్జ్‌లో డయోడ్ మీద పడేది 325, డబ్లర్‌లో అయితే ఒక్కో డయోడ్ మీద 650. రెండిటికీ ఇదే చాలు. ఇక్కడ ఎక్కువ రేటింగ్‌కి దండుగ లేదు.

బస్ కెపాసిటర్, దాని పక్కన చిన్న రెసిస్టర్

400 వోల్టులదా, 450దా? 358కి 400 చాలు అని కాగితం చెబుతుంది. వేరియాక్‌లో 382 వచ్చిన రోజున 400 మీద మిగిలేది 18 వోల్టులు. పైగా డీఆర్‌ఎస్‌ఎస్‌టీసీలో బరస్ట్ (కాయిల్‌ని కొద్దిసేపు మాత్రమే నడిపే ఒక విడత) ఆగగానే ట్యాంక్‌లో మిగిలిన శక్తి డయోడ్‌ల గుండా బస్‌లోకే తిరిగొస్తుంది. ట్యాంక్‌లో 3 జౌళ్లు ఉన్నాయనుకుంటే, స్పార్క్‌లోకి కొంత పోకుండా మొత్తం వెనక్కి వచ్చిన చెడ్డ సందర్భంలో 1000 మైక్రోఫారడ్ బస్ 325 నుంచి 334కి మాత్రమే పెరుగుతుంది. అదే 100 మైక్రోఫారడ్ అయితే 400 దాటుతుంది. కాబట్టి పెద్ద కెపాసిటర్ ఉంటే 450 నిశ్చింత. చిన్నది పెడితే 450 కూడా ఆలోచించి పెట్టాలి. రెండు 250 వోల్టులవి సిరీస్‌లో వేసుకునేవాళ్లు ఒక్కోదానికీ బ్యాలెన్సింగ్ రెసిస్టర్ తప్పక వేయండి, లేకపోతే లీకేజ్ తక్కువున్నదాని నెత్తినే బరువంతా పడుతుంది.

ఇప్పుడు నా సొంత గొడవ. మొదటి హాఫ్ బ్రిడ్జ్‌లో 220 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కి బ్లీడర్‌గా (ఆఫ్ చేశాక ఛార్జ్‌ని ఖాళీ చేయడానికి) 470 కిలోఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ వేశాను. 325 వోల్టుల దగ్గర పవర్ 0.225 వాట్. పావు వాట్ లోపే ఉంది, లెక్క సరే అనుకున్నాను. ఓ రోజు ఆఫ్ చేసి పదిహేను నిమిషాలు ఆగి, ఎందుకో అనుమానం వచ్చి మీటరు పెడితే 300 దాటి చూపించింది! రెసిస్టర్ బయటికి చక్కగా ఉంది, లోపల ఓపెన్. తర్వాత చూస్తే పావు వాట్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లకి మామూలుగా 250 వోల్టుల పరిమితి ఉంటుంది, పవర్ ఎంత తక్కువైనా సరే. రెసిస్టర్‌కి కూడా వోల్టేజ్ రేటింగ్ ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఉపరితలం మీద అతికించే 1206 సైజువి సాధారణంగా 200, 0805వి 150. ఇప్పుడు నేను రెండు 47 కిలోఓమ్ 2 వాట్ రెసిస్టర్లను సిరీస్‌లో వేస్తాను. ఒక్కోదాని మీద 163 వోల్టులు, అర వాట్ పైచిలుకు. 1000 మైక్రోఫారడ్ అయినా మూడు నిమిషాల్లో 50 వోల్టుల లోపుకి దిగుతుంది. అయినా సరే, మీటరు పెట్టకుండా చేయి పెట్టను.

హాఫ్ బ్రిడ్జ్‌లో మధ్య బిందువు తయారు చేసే రెండు ఫిల్మ్ కెపాసిటర్ల మీద మామూలుగా సగం బస్సే ఉంటుంది. డ్రైవ్ ఒకవైపు ఇరుక్కుపోతే మాత్రం మొత్తం బస్ ఒకదాని మీదకే వస్తుంది. అందుకని 250 వోల్టులవి కాకుండా 630 వోల్టుల పాలీప్రొపిలీన్‌వి వేయండి. ఆ 630 డీసీ అంకె అని మరవకండి. అదే డబ్బా మీద ఏసీ అంకె చిన్నగా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది ఇంకా కిందికి జారుతుంది.

ట్యాంక్ కెపాసిటర్: మెయిన్స్‌ని మర్చిపోండి

డీఆర్‌ఎస్‌ఎస్‌టీసీలో ట్యాంక్ కెపాసిటర్ మీద వోల్టేజ్‌ని తేల్చేది ప్రైమరీ కరెంట్. బస్ 325 అయినా సరే అక్కడ వేలల్లో ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. కెపాసిటెన్స్ 0.3 మైక్రోఫారడ్, 60 కిలోహెర్ట్జ్, పీక్ కరెంట్ 500 ఆంపియర్లు. ఆ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్ రియాక్టెన్స్ 8.84 ఓమ్‌లు. 500తో గుణిస్తే 4420 వోల్టులు. ప్రైమరీ చుట్ట మీద కూడా దాదాపు అంతే వోల్టేజ్ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దాని టెర్మినళ్లు, ట్యాప్ తీగ కూడా దీన్నే తట్టుకోవాలి. మామూలు ఎస్‌ఎస్‌టీసీ ప్రైమరీ మీద బస్ మించి ఉండదు. ఆ అలవాటుతో ఇక్కడ సన్న ఇన్సులేషన్ తీగ వేస్తే మొదటి బరస్ట్‌లోనే చిటపటలు.

దీనికి పేరున్న పార్టు కార్నెల్ డూబిలియర్ 942సీ20పీ15కే: 0.15 మైక్రోఫారడ్, 2000 వోల్టుల డీసీ, 500 వోల్టుల ఏసీ. ఏ అంకెని నమ్మాలి? డీసీ అంకెని నమ్మితే మూడు సిరీస్‌లో, అలాంటి ఆరు వరసలు, మొత్తం 18 కెపాసిటర్లు. ఒక్కోదాని మీద 1473 పీక్. ఏసీ అంకెని నమ్మితే 500 అంటే 707 పీక్, కాబట్టి ఏడు సిరీస్‌లో, పద్నాలుగు వరసలు, మొత్తం 98! కెపాసిటెన్స్ మార్చకుండా సిరీస్ పెంచితే సంఖ్య వర్గంగా పెరుగుతుంది, ఇక్కడే జేబుకి చిల్లు.

నా తీర్పు ఇది. బరస్ట్‌లు 100, 200 మైక్రోసెకన్లు ఉండి, మధ్యలో బోలెడు విరామం ఉంటే మూడు సిరీస్ చాలు. ఇలాంటి కాయిల్స్‌ని డీసీ రేటింగ్ దరిదాపుల్లో నడపడం ఈ పని చేసేవాళ్లలో మామూలే. పాటలు వాయించడానికి ఎక్కువసేపు, ఎక్కువ డ్యూటీతో నడిపేట్టయితే నాలుగు వేయండి: ఒక్కోదాని మీద 1105, మొత్తం 32. బరస్ట్ మిల్లీసెకన్లలో సాగే క్యూసీడబ్ల్యూ రకానికి మాత్రం ఏసీ అంకెతోనే లెక్కవేయాలి. అక్కడ కరెంట్ తక్కువగా ఉంటుంది కాబట్టి 98 అవసరం పడదు.

లెక్క వేసేటప్పుడు మీరు ఆశించే కరెంట్ తీసుకోవద్దు. ఓవర్ కరెంట్ డిటెక్టర్‌ని ఎక్కడ సెట్ చేశారో ఆ కరెంట్ తీసుకోండి. పైన చెప్పిన ట్యాంక్‌కి ఆ సెట్టింగ్‌ని 700 ఆంపియర్లకి తిప్పితే వోల్టేజ్ 6190, మూడు సిరీస్ ఇచ్చే 6000 దాటిపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఒక చిన్న తిప్పు, అంతే.

గేట్ వైపు చిన్న అంకెలు

ఇక్కడ వందలు లేవు, కానీ పార్టులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మాస్‌ఫెట్ గేట్ పరిమితి సాధారణంగా ±20 వోల్టులు. గేట్ ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్ వల్ల 15 వోల్టుల డ్రైవ్ కూడా రింగింగ్‌తో 20 తాకుతుంది. గేట్‌కి, సోర్స్‌కి మధ్య రెండు 18 వోల్టుల జీనర్ డయోడ్‌లను (ఆ వోల్టేజ్ దాటనివ్వనివి) వీపులు ఆనించి పెట్టండి. సిలికాన్ కార్బైడ్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. వాటిలో చాలావాటికి నెగటివ్ వైపు పరిమితి పాజిటివ్ కంటే బాగా తక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే సమాన ±15 పనికిరాదు.

డ్రైవర్ చిప్ యూసీసీ27322 అయితే 12 వోల్టులా, 15 వోల్టులా అని అడుగుతారు. చిప్ సిఫార్సు పరిమితి 15, చచ్చిపోయే పరిమితి 16. 7815 రెగ్యులేటర్ తన టాలరెన్స్‌తో 15.75 దాకా ఇవ్వొచ్చు. మిగిలింది పావు వోల్టు. కళ్లు మూసుకుని 7812 వేయండి. ఎక్కువ గేట్ వోల్టేజ్ తప్పనిసరి అయితే 35 వోల్టుల దాకా తట్టుకునే ఐఎక్స్‌డీఎన్609 తీసుకోండి. రెగ్యులేటర్ ముందు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొద్దు. లోడ్ లేనప్పుడు, లైన్ ఎక్కువున్నప్పుడు దాని పీక్ 40 దాటొచ్చు, రెగ్యులేటర్ ఇన్‌పుట్ పరిమితి 35. 15 వోల్టులది చాలు, దాని కెపాసిటర్‌కి 35 వోల్టులు.

ఇక మిగిలినవి. మెయిన్స్ మీద వారిస్టర్ (లైన్‌లో వచ్చే వోల్టేజ్ పొంగుని మింగేది) 14డీ471కే, అది 300 వోల్టుల ఏసీకి. 250 వోల్టుల ఏసీ గాజు ఫ్యూజ్ ఏసీ వైపే ఉండాలి, డీసీ బస్‌లో వేస్తే ఆర్క్ ఆగదు.

500 చాలా, 600 కావాలా: కొలిచి తేల్చుకోండి

స్కోప్‌కి డిఫరెన్షియల్ ప్రోబ్ కావాలి. మామూలు ప్రోబ్ ఎర్త్ క్లిప్‌ని బ్రిడ్జ్ మీద పెడితే మెయిన్స్‌ని స్కోప్ గుండా షార్ట్ చేసినట్టే. వేరియాక్‌తో బస్‌ని 60 వోల్టుల దగ్గర ఉంచి, ఒక మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ మధ్య చూడండి. అక్కడ స్పైక్ 20 వోల్టులుంటే, కరెంట్ వోల్టేజ్‌తో పాటే పెరుగుతుంది కాబట్టి 358 దగ్గర సుమారు 119 అవుతుంది. మొత్తం 477. ఐఆర్‌ఎఫ్‌పీ460కి మిగిలింది 23 వోల్టులే. అప్పుడు దారులు రెండు: 600 వోల్టుల పార్టుకి మారడం, లేదా బస్ తీగలు పొట్టి చేసి, కాళ్ల పక్కనే ఒక ఫిల్మ్ కెపాసిటర్ అతికించి మళ్లీ కొలవడం. నేనైతే ముందు రెండోది చేస్తాను. స్పైక్ 20 నుంచి 10కి దిగితే మొత్తం 418 అవుతుంది, ఉన్న 500 వోల్టుల పార్టుతోనే పని జరిగిపోతుంది.